బొత్తామంత గుర్రం

బ్రెనిన్ చనిపోయింది మంగళవారం. ఆ ఉదయం మెరెరిద్ మామూలుగానే ఆరింటికి లేచి, టీకి నీళ్ళు పెట్టి, బడికి తీసుకెళ్ళే రొట్టెకు వెన్న రాస్తోంది. కిటికీలోంచి భర్త ఎమిర్ గుర్రపుశాల వైపు నుంచి వస్తూ కనిపించాడు. ఎమిర్ ఇంట్లోకి వచ్చాక కూడా టోపీ తీయని మనిషి. ఆ రోజు గుమ్మానికి పది అడుగుల దూరంలోనే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గుర్రాల ప్రాణం తీసే కడుపునొప్పి. పశువైద్యురాలు వచ్చేసరికి చేయగలిగిందేమీ మిగల్లేదు. పదిహేడు బెత్తెల ఎత్తున్న, అంటే వీపే మనిషి తల ఎత్తున ఉండే ఆ బూడిదరంగు గుర్రం పడుకుంటే శాల మొత్తం నిండిపోయింది. మర్నాడు మెరెరిద్ బడికి వెళ్ళి మూడో తరగతి పిల్లలకు గుణకారం చెప్పింది. పిల్లలు ఏమీ కనిపెట్టలేదు.

బ్రెనిన్ అంటే వేల్స్ భాషలో రాజు. ఆ పేరు పెట్టి, గుర్రాన్ని అమ్మకు ఇచ్చింది కూతురు లౌరి. గంట దూరంలో ఉన్న ఒక పెద్ద శాలలో డ్రెసాజ్ గుర్రాలకు శిక్షణ ఇవ్వడం ఆమె పని. డ్రెసాజ్‌లో గుర్రం పరుగెత్తి గెలవదు. ఇసుక పరిచిన మైదానం చుట్టూ అక్షరాల పలకలు పెడతారు. ఏ అక్షరం దగ్గర తిరగాలో, ఎక్కడ ఆగాలో, ఏ నడక నడవాలో తప్పకుండా, తొణక్కుండా చేసి చూపించాలి. రౌతు మరిచిపోకుండా గట్టు మీద ఒకరు నిలబడి, తరవాత చేయవలసింది గట్టిగా చదువుతారు. నాలుగేళ్ళుగా బ్రెనిన్ మీద పోటీలకు వెళ్ళిన మెరెరిద్‌కు చదివేది లౌరే. తల్లీకూతుళ్ళు ప్రతి శనివారం కలుసుకునేది కూడా అందుకే.

నెల తిరక్కుండానే లౌరి అమ్మ కోసం మరో గుర్రాన్ని వెతకడం మొదలుపెట్టింది. ఈస్టర్ నాటికి హాలండ్ నుంచి వచ్చిన ఒక నల్ల ఆడగుర్రం దొరికింది. దాని ఫొటోలు వరసగా పంపుతూ వచ్చింది. ప్రతి ఫొటోకూ మెరెరిద్ "చూద్దాం" అని జవాబిచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలతో మెలిగిన మనిషి కాబట్టి, ఎవరైనా "చూద్దాం" అంటే దాని అర్థమేమిటో ఆమెకు తెలుసు. లౌరికి తెలియలేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున లౌరి చెప్పకుండా వచ్చింది. వాకిట్లో పోనీ అనే పొట్టి జాతి గుర్రం, ఎర్రటిది, ఒకటి నిలబడి ఉంది. పదమూడు బెత్తెలు ఉంటుందేమో. అమ్మ మెడలోని ఊలు గుడ్డ కొసను తీరిగ్గా నములుతోంది. కొండ మీద పోనీలు పెంచే ముసలి గ్విలిమ్ వంటింట్లో టీ తాగుతున్నాడు.

"ఎవరి పిల్ల కోసం ఇది?" అంది లౌరి.

"నా కోసం," అంది మెరెరిద్. "పేరు బొటుమ్. అంటే బొత్తాం."

ఎమిర్ గుమ్మంలోంచి అందుకున్నాడు. "నేనూ అడిగాను, గుర్రం కొన్నావా, పీట కొన్నావా అని. పడ్డా దెబ్బ తగలదట. పడ్డం మొదలెట్టేసరికే నేల వచ్చేస్తుందట."

లౌరి నవ్వలేదు. వంటింట్లోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా, యాభై ఎనిమిదేళ్ళ మనిషి పిల్లల గుర్రమెక్కి పోటీకి వెళితే జనం ఏమనుకుంటారని అడిగింది. తన దగ్గర నేర్చుకునేవాళ్ళు కూడా ఆ పోటీలకు వస్తారంది. అసలు ఆ చిన్న వీపు మీద పెద్దవాళ్ళ బరువు మోపడం న్యాయమేనా అంది.

చివరి ప్రశ్న గ్విలిమ్‌కు తగిలింది. కప్పు కింద పెట్టి, తన తండ్రి నూట పది కిలోల మనిషని, ఈ పోనీ ముత్తవ్వ మీదే కొండెక్కి గొర్రెలు తోలుకొచ్చేవాడని, ఆదివారం దాని మీదే చర్చికి వెళ్ళేవాడని నెమ్మదిగా చెప్పాడు.

"టీచరమ్మ మా నాన్నలో సగం ఉంటుంది. కాళ్ళు వేలాడతాయని బెంగ పెట్టుకోకు తల్లీ. దాని పొట్ట చూశావుగా, సగం కాలు అదే మింగేస్తుంది."

అని, గదిలో గాలి ఎటు తిరుగుతోందో గమనించి, ఇంటి దగ్గర కుక్క ఒంటరిగా ఉందంటూ లేచాడు. కుక్క అతని బండి ముందు సీట్లో కూర్చుని అందరినీ చూస్తూనే ఉంది.

బండి వెళ్ళిపోయాక లౌరి గొంతు తగ్గింది. "బ్రెనిన్ తరవాత ఇదా అమ్మా? వాణ్ణి ఏడాది పాటు తయారుచేశాను. నీ కోసమే. ఇక నాతో పని లేదంటే ఆ మాటే చెప్పు, అర్థం చేసుకుంటాను."

మెరెరిద్ కప్పులు కడుగుతోంది. పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద రాసేటంత జాగ్రత్తగా ఒక కప్పు బోర్లించింది.

"వాడి మీద ఎక్కిన ప్రతిసారీ భయపడ్డాను లౌరీ. నాలుగేళ్ళూ."

ఇంకో కప్పు అందుకుంది.

"వాడి తప్పేం లేదు. ఒక్కసారి కూడా నన్ను పడెయ్యలేదు. అంత ఎత్తు నుంచి కిందికి చూస్తే నాకు నోరెండిపోయేది. నువ్వు చదువుతుంటే, నీ గొంతు పట్టుకుని ఎలాగో తిరిగొచ్చేదాన్ని."

"మరి చెప్పొచ్చుగా."

"నువ్వు ఇచ్చావు. ఎలా చెప్పను?" మెరెరిద్ కుళాయి కట్టేసింది. "వాడు పోయిన రోజు నేను ఏడ్చింది నిజమే. ఏడుస్తూనే, ఇక రేపు ఎక్కక్కర్లేదు అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది."

లౌరి కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత నల్ల గుర్రం ఫొటోలు రాలేదు. ఫోను కూడా రాలేదు.

మూడు వారాలు మెరెరిద్ రోజూ బడి అవగానే బొటుమ్ మీద పొలంలో తిరిగింది. కూతురు గుర్తొచ్చినప్పుడు మనసు బరువెక్కేది. కానీ పోనీ మీద అది ఎక్కువసేపు నిలిచేది కాదు. పొలంలోంచి పాటలు వినబడుతున్నాయని, మొదట రేడియో అనుకున్నానని, తరవాత శ్రుతి విని పెళ్ళామేనని తెలుసుకున్నానని ఎమిర్ ఊరంతా చెప్పుకున్నాడు.

మే నెలలో పక్క ఊరి మైదానంలో చిన్న పోటీ పెట్టారు. చదవడానికి ఎమిర్ ఒప్పుకున్నాడు. ఇంట్లో సాధన చేయిస్తే, కళ్ళజోడు మరిచిపోయి E చదవవలసిన చోట F చదివాడు. బొటుమ్ నేరుగా కంచె దాకా వెళ్ళి ఆగింది.

పోటీ రోజు మెరెరిద్ జీను బిగించుకుంటుండగా లౌరి కారు వచ్చి ఆగింది. ఆమె తల్లి వైపు చూడలేదు. తిన్నగా వచ్చి తండ్రి చేతిలోని కాగితం తీసుకుంది. "నువ్వు చదివితే అమ్మ ఏ ఊళ్ళో తేలుతుందో," అంది. ఎమిర్ బతికిపోయాననుకున్నాడు.

లౌరి ఎప్పటిలాగే స్పష్టంగా చదివింది. కానీ E దగ్గర తిరగవలసిన పోనీ E రాకముందే తిరిగింది. న్యాయనిర్ణేత కూర్చున్న కారులోంచి హారన్ మోగింది. తప్పు. మళ్ళీ మొదలుపెట్టారు. B దగ్గరా అదే జరిగింది. మళ్ళీ హారన్. గట్టు మీద ఎవరో నవ్వారు. ఆ గుంపులో లౌరి దగ్గర నేర్చుకునేవాళ్ళు ఇద్దరున్నారు.

చివర్లో న్యాయనిర్ణేత, డెబ్భై దాటిన ఆవిడ, కారు అద్దం దించింది. "పోనీ చెప్పినట్టే చేస్తోందమ్మా. చదివే ఆవిడే తొందరపడుతోంది."

లౌరి చెవులు ఎర్రబడ్డాయి. తను చదివింది బ్రెనిన్ అడుగుకని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ పెద్ద అడుగుకు మాట ముందే అందాలి. ఈ చిన్న అడుగుకు అంత ముందు చెబితే, అమ్మ విన్నది విన్నట్టే తిప్పింది. లౌరి గొంతును నమ్మి తిరగడం ఆమెకు నాలుగేళ్ళ అలవాటు.

రెండో పోటీకి గంట వ్యవధి ఉంది. మెరెరిద్ ఆ హారన్ల ఊసెత్తకుండా పోనీకి నీళ్ళు పట్టింది. లౌరి కాసేపు కాగితం మడిచి, విప్పి, చివరికి పోనీ పక్కకు వచ్చింది.

"నడిపించు. అడుగులు లెక్కపెడతాను."

మెరెరిద్ పోనీ ఎక్కింది, లౌరి దాని వెంట పక్క పొలంలో నడిచింది. బ్రెనిన్ ఆరడుగులు వేసే చోట బొటుమ్ తొమ్మిది వేస్తోంది. తొమ్మిది దాకా లెక్కపెట్టి, తల్లికి చెప్పడానికని లౌరి తలెత్తింది. అంతగా ఎత్తనవసరం లేకపోయింది. బ్రెనిన్ పక్కన నడిచినప్పుడు ఆమెకు కనబడింది అమ్మ బూటు, మోకాలు. ఇప్పుడు చేయి చాపితే అందేటంత దగ్గర్లో అమ్మ ముఖం ఉంది. ఆ ముఖం ఏదో పాట గొణుగుతోంది. గుర్రం మీద ఉన్నప్పుడు అమ్మ ముఖం ఎలా ఉంటుందో లౌరి ఇంతవరకూ దగ్గరగా చూడలేదు.

"నీ ముఖం నాకు కనబడేది కాదమ్మా," అంది. "కనబడి ఉంటే నాకు తెలిసేది."

"అంత ఎత్తున నువ్వెలా చూస్తావే," అంది మెరెరిద్.

లౌరి కోటు చేతితో కళ్ళు తుడుచుకుంది. బొటుమ్ అదే అదనుగా ఆమె జేబులోని కాగితం మూల కొరికేసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

రెండోసారి లౌరి ఆగి చదివింది. మాట పెదవుల దాకా వచ్చినా తొమ్మిది అడుగులూ పడనిచ్చింది. హారన్ మోగలేదు. ఏడుగురిలో నాలుగో స్థానం వచ్చింది. మార్కుల కాగితం అడుగున న్యాయనిర్ణేత "చూడ్డానికి హాయిగా ఉన్న జంట" అని రాసింది. ఆ జంటలో తనూ ఉన్నాడా అని ఎమిర్ అడిగాడు. లేవని తల్లీకూతుళ్ళిద్దరూ చెప్పారు.

ఆ సాయంత్రం లౌరి ఇంటికొచ్చి భోజనం చేసి వెళ్ళింది. నల్ల గుర్రం యజమానికి వద్దని చెప్పేశానంది. వచ్చే శనివారం కూడా తనే చదువుతానంది. బ్రెనిన్ గురించి మాత్రం వాళ్ళిద్దరూ ఇంకా కూర్చుని మాట్లాడుకోలేదు.