తండ్రి ఉండగా గుండు

తండ్రి బతికి ఉండగానే నాగచైతన్య గుండు చేయించుకున్నాడు. మీసంతో సహా. ఇందులో వాదించడానికి ఏమీ లేదు, తప్పు తప్పే. ప్రేమకొద్దీ చేశాడని ఊళ్లో కొందరు అంటారు. ఆ మాట అన్నవాళ్లను వెంకటనారాయణ గుమ్మం ఎక్కనివ్వడు.

సంగతి మొదలైంది బస్సులో.

వెంకటనారాయణకు దమ్మపేట దగ్గర పామాయిల్ తోట ఉంది. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున భూమి కొనుక్కున్న కుటుంబం. వయసు అరవై ఒకటి. భార్య సుశీలమ్మ పోయి ఏడేళ్లయింది. అప్పటి నుంచి ఆయన అవసరానికి మించి ఎవరితోనూ మాట్లాడలేదు. అవసరాలు కూడా తగ్గించుకున్నాడు. మిగిలినవి రెండే. ఒక్కగానొక్క కొడుకు, ఒక మీసం. మీసానికి వారం వారం రంగు వేసేవాడు. కొడుకును అంతగా పట్టించుకునేవాడు కాదు.

జూలైలో మెడ కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపి, లింఫోమా అన్నారు.

"క్యాన్సరే. కానీ మందుకు లొంగే రకం," అన్నాడు ఖమ్మంలో డాక్టరు. "మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలు. ఆరూ పూర్తి చేస్తే మంచి ఆశ ఉంది. మధ్యలో మానేస్తే మాత్రం నేనేం చెప్పలేను."

మొదటిదానికి కారు మాట్లాడుకుని వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో వేలాడదీసిన సెంటు సీసా వాసనకు ఆయన వైరా లోపే మూడుసార్లు కక్కాడు. ఇక కారు ఎక్కనన్నాడు. గాలి తగిలే బస్సయితే వస్తానన్నాడు.

ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్సులో మగవాడికి సీటు దొరకడం కష్టం. రెండో కీమోకు బయలుదేరిన రోజు బస్సులో కాలు పెట్టే సందు లేదు.

"తాతా, డోర్ కాడ నిలబడకు. లోపటికి జరుగు," అంది కండక్టరు.

పాతికేళ్ల పిల్ల. చుడీదార్ మీద ఖాకీ కోటు, భుజాన సంచి, చేతిలో టికెట్ మిషన్.

"ఎవరమ్మా తాత?" అన్నాడు వెంకటనారాయణ.

"మీరు గాదు సార్. మీ ఎనకాలాయన."

వెనకాల ఉన్నది నాగచైతన్య. ఇరవై ఏడేళ్లు.

"నేను తాతనా?" అన్నాడు.

"పెద్దాయన్ని ముందర నిలబెట్టి నువ్వు కడ్డీ పట్టుకొని ఊగుతున్నవ్. గట్ల ఊగేది తాతలే."

"మా నాన్నకి ఒంట్లో బాగాలేదండి. కాస్త సీటు చూడండి."

"ఏమైంది?"

"ఏం కాలేదు," అన్నాడు వెంకటనారాయణ.

ఏమీ కాని మనిషి సత్తుపల్లి రాకముందే కక్కాడు. అప్పటికింకా మందు ఎక్కలేదు. ఖమ్మం దవాఖానా వాసన తలుచుకుంటేనే కడుపు తిరిగింది. సగం నేల మీద పడింది, సగం ఆమె సంచి మీద.

బస్సంతా ముక్కులు మూసుకుంది. ఆమె మాత్రం కొడుకు మీద విరుచుకుపడింది.

"నోరు లేదా నీకు? కీమో అని ఎక్కంగనే చెప్తే కవర్ ఇద్దును గద!"

"కీమో అని మీకెట్లా తెలుసు?"

"తలకు తుండు, చేతిల ఫైలు, ఆ మొహం రంగు. మా అమ్మను ఏడాది తిప్పిన. నాకు తెల్వదా?"

ఇద్దరు ఆడవాళ్లను జరిపి కిటికీ పక్కన చోటు చేసింది. అది ఆడవాళ్ల సీటు, కూర్చోనన్నాడు వెంకటనారాయణ.

"రాతలు చదివే ఓపిక ఉంటే ఖమ్మం దాకా నిలబడు పెద్దాయనా," అంది.

కూర్చున్నాడు. ఆ అవమానం ఆయనకు ఇంకా గుర్తుంది.

ఆమె పేరు నాగలత. సొంతూరు ఏన్కూరు. డ్యూటీ కోసం తల్లితో సత్తుపల్లిలో కిరాయికి ఉంటోంది. ఇదంతా ఆయన అడగలేదు. కొడుకు అడుగుతుంటే విన్నాడు.

"ఏం పెడుతున్నవ్ పెద్దాయనకు?"

"ఏది పెట్టినా ఇనుము నాకినట్టుందంటున్నాడు."

"స్టీలు చెంచా పక్కన పెట్టు, చెక్క చెంచా ఇయ్యి. పోపు వాసన తగలనియ్యకు. పెరట్ల వండు. వంటెవరు చేస్తరు?"

"నేనే."

"నువ్వా?" ఆమె అప్పుడు అతని మొహం సరిగా చూసింది. "ఏమేం వస్తయ్?"

"పప్పు."

"ఇంకా?"

"పల్చటి పప్పు."

నాగలత నవ్వింది. ఆ నవ్వులో బటన్ మీద వేలు పడి మిషన్‌లోంచి టికెట్ ఒకటి బయటికి వచ్చింది. ఎవరిదో ఎవరికీ తెలియదు. నాగచైతన్య దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తండ్రి చూశాడు.

"ఉప్పు, వంటసోడా గోరువెచ్చని నీళ్లల్ల కలిపి రోజుకు నాలుగుసార్లు పుక్కిలించమను. నోట్ల పుండ్లు తగ్గుతయ్. ఇంకొకటి. జొరం వస్తే మలేరియా టెస్టు అని ఈడనే తిరగకు. అడవి ఊర్లల్ల అందరం చేసే తప్పు అదే. వంద దాటిందంటే సీదా ఖమ్మం దవాఖానకే."

అతను అన్నీ ఫోన్‌లో రాసుకున్నాడు.

"మీ నంబర్ కూడా చెప్తే..."

"దేనికి?"

"బస్సు టైము కోసం."

"టైము బస్టాండ్ల బోర్డు మీద రాసి ఉంటది," అంది. అని, నంబరు చెప్పింది.

ఆ తర్వాత ఇంట్లో ఫోన్ మోగని పూట లేదు. ఈ మందుకు మలబద్ధకం వస్తుంది. తనకు విరేచనం అయిందా లేదా అన్న విషయం మీద ఇద్దరు పిల్లలు అరగంట సేపు కిలకిలా నవ్వుకోవడం వెంకటనారాయణ చెవులారా విన్నాడు. ఆయన కాలంలో ప్రేమలకు వేరే విషయాలు దొరికేవి.

మూడో కీమో అయి తిరిగి వస్తుంటే తల్లాడ దాటాక వాన పట్టుకుంది. కిటికీ షట్టరు కిందికి దిగలేదు. నాగచైతన్య ఈ వైపు నుంచి గుంజాడు. నాగలత వచ్చి ఆ వైపు నుంచి గుంజింది. నాలుగు చేతులూ ఒకే షట్టరు మీద ఉన్నాయి. షట్టరు మాత్రం కదల్లేదు.

"గట్టిగ గుంజు. పప్పేనా తినేది?"

"మీరు నవ్వకుండా ఉంటే వస్తుంది."

"నేను నవ్వితే షట్టర్‌కేమైతది?"

"షట్టర్‌కి ఏం కాదు. నాకే."

ఆమె చెంపల మీద వాన చినుకులు ఉన్నాయి. అతను వాటిని చూస్తున్నాడు. ఆమె అతన్ని చూడటం లేదు. చూడటం లేదన్న సంగతి బస్సులో అందరికీ తెలిసేలా చూడటం లేదు. మధ్యలో కూర్చుని పూర్తిగా తడిసిపోయిన మనిషి వెంకటనారాయణ. ఆయన్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

ఆ వారంలోనే మీసం పోయింది.

తల జుట్టు ఇంతకుముందే రాలింది, తుండు చుట్టి గడిపాడు. మీసానికి తుండు చుట్టలేడు. పొద్దున మొహం కడుక్కుంటుంటే అరచేతిలోకి వచ్చింది. గెలలు కోయడానికి వచ్చిన పగిడయ్య కొడవలి దించి, "ఎవరు పోయిన్రయ్యా?" అని అడిగాడు. ఆ ప్రాంతంలో మొక్కు లేకుండా మీసం తీసిన మనిషిని ఎవరైనా అదే అడుగుతారు.

నాలుగో కీమో గురువారం. వెంకటనారాయణ రానన్నాడు.

"ఇంకా మూడే నాన్నా!"

"రాను. ఈ మొహంతో బస్సెక్కను."

"మధ్యలో మానేస్తే డాక్టరు ఏమన్నాడో విన్నావుగా."

"విన్నాను. రాను."

ఆదివారం అయింది, సోమవారం అయింది. డాక్టరు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన విని ఫోన్ కొడుకు చేతికిచ్చాడు. ఇక కొడుకు చేతిలో ఏమీ లేదు, ఫోన్ తప్ప. మంగళవారం అందులో ఒక వీడియో చూశాడు. ఏదో దేశంలో ఒకాయనకు ఇదే జబ్బు. ఆయనకు తోడుగా కొడుకు, తమ్ముళ్లు, ఆఫీసు వాళ్లు అందరూ గుండ్లు కొట్టించుకున్నారు. కౌగిలించుకుని ఏడ్చారు. వాళ్ల దగ్గర గుండంటే జుట్టు లేకపోవడమే. మన దగ్గర అంతటితో అయిపోదు. ఆ ఆలోచన నాగచైతన్యకు రాలేదు.

దమ్మపేటలో మంగలి ఏమీ అడగలేదు. వెంకటనారాయణకు బాగాలేదని అందరికీ తెలిసిందే, ఇక అడగడానికేముంది. తల గీశాడు, మీసం గీశాడు. డబ్బు ఇవ్వబోతే చేతులు జోడించాడు.

"చూడు నాన్నా, ఇప్పుడు ఇద్దరం ఒకటే. గురువారం కలిసి వెళ్దాం," అన్నాడు నాగచైతన్య ఇంటికొచ్చి, నవ్వుతూ.

ఆ తలను వెంకటనారాయణ ఇదివరకు ఒక్కసారి చూశాడు. ఏడేళ్ల కిందట, పదో రోజున, కాలవ గట్టున సుశీలమ్మకు పిండం పెడుతున్నప్పుడు. రెండోసారి చూడాల్సి వస్తే అది తను చూడలేని రోజు అయి ఉండాలి. చూస్తున్నాడు.

"బయటికి పో," అన్నాడు.

నాగచైతన్య వెళ్లి రోడ్డు మీద నిలబడ్డాడు. అప్పుడే ఖమ్మం బస్సు వచ్చింది. అక్కడ స్టాపు లేదు. ఫుట్‌బోర్డు దగ్గర నాగలత ఉంది. అతను చెయ్యి ఎత్తాడు. ఆమె గుండు చూసింది, మీసం లేని మూతి చూసింది. మొహం పాలిపోయింది. బస్సు వెళ్లిపోయింది.

తన అవతారం చూసి అసహ్యపడిందనుకున్నాడు అతను. ఆ రోజు మెసేజ్ పెట్టలేదు. తండ్రి పోయినవాడికి ఫోన్ చేసి ఏమని అడగాలో తెలియక ఆమె కూడా పెట్టలేదు.

బుధవారం పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. నాగలత దిగింది, వెనక ఆమె తల్లి సరళ. సరళ గేటు దగ్గర నుంచే మొదలుపెట్టింది.

"ఎంత పనాయె కొడకా! పెద్ద దిక్కు పాయె! సూడకుండనే పోతివి అన్నా..."

వరండాలో కుర్చీ మీద కూర్చుని వెంకటనారాయణ చెక్క చెంచాతో రాగి జావ తాగుతున్నాడు. చెంచా దించాడు.

"ఎవరమ్మా పోయింది?"

సరళ ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

"మీరే," అంది నాగలత.

లోపల నుంచి నాగచైతన్య గుండుతో బయటికి వచ్చాడు. "మీరేంటి, ఇట్లా..." అనబోయాడు. చేతిలో ఉన్న హ్యాండ్‌బ్యాగ్ ఎత్తి నాగలత అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"బుద్ధుందా నీకు? తండ్రి ఉండంగ గుండేంది? మీసమేంది? ఏంది ఆ ఏషం!"

"నాన్నకి తోడుగా..."

"తోడా! నిన్న సత్తుపల్లి దాకా నేను ఒక్క టికెట్ కొట్టలే. ఏడ్సుకుంట కూసున్న. డ్రైవరన్న బండి ఆపి నీళ్లు తాపిచ్చిండు."

"నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా."

"ఏమని చెయ్యాలె? మీ నాయిన పోయిండా అని అడగాలెనా? నువ్వు చెయ్యొద్దా?"

"నన్ను చూసి మొహం అట్లా పెట్టావు. గుండు నచ్చలేదనుకున్నా."

"నచ్చలే! ఇప్పుడు కూడ నచ్చలే!" అని ఇంకొకటి వేసింది.

వెంకటనారాయణ గిన్నె పక్కన పెట్టాడు. రెండు నెలల్లో ఆయనకు మొదటిసారి ఒక విషయం తెలుసుకోవాలనిపించింది.

"అమ్మాయ్. నేను పోతే నువ్వెందుకు ఏడ్చావు? నేను నీకేమవుతాను?"

నాగలత ఆయన వైపు తిరిగింది. కోపం ఇంకా దిగలేదు. కాబట్టే నిజం చెప్పింది.

"మీరు పోతే ఈయన ఇంక బస్సెక్కడు గద," అంది.

ఆ మాట అన్నాక ఏమన్నదో ఆమెకు అర్థమైంది. తల వంచుకుని బ్యాగ్ జిప్పు వేసింది, తీసింది, వేసింది. నాగచైతన్య చెవులు ఎర్రబడ్డాయి. గుండు మీద అది దాచుకునే వీలు లేదు.

"రేపు మీరు రానంటున్నరంట గద," అంది ఆమె నేల చూస్తూ.

"మీసం లేదు," అన్నాడు వెంకటనారాయణ.

సరళ కొంగు దించి తల ముందుకు వంచింది. నల్లటి జుట్టు, ఉంగరాలు ఉంగరాలుగా ఉంది. "పోయినేడు నాకు కనుబొమ్మలు గూడ లేవన్నా. రింగుల్లేకుంట సక్కగ ఉండె నా జుట్టు ముందు. ఇప్పుడు సూడుండ్రి, రింగులు తిరిగి వచ్చింది. రాకేమైతది? మనిషి ఉంటే వస్తది."

ఆయన ఆ జుట్టు చాలాసేపు చూశాడు. తర్వాత కొడుకు తల చూశాడు. అది ఎక్కువసేపు చూడలేకపోయాడు.

"మీ అమ్మాయిని మా ఇంటికి అడగాలి," అన్నాడు సరళతో. "కానీ ఈ మొహంతో అడగను. ఆరూ అయిపోనివ్వండి. మీసం వచ్చాక సత్తుపల్లి వచ్చి అడుగుతాను."

"మీసం ఎందుకన్నా, నోరున్నది గద," అంది సరళ.

వెంకటనారాయణ నోట్లో పుండ్లు ఉన్నాయి. మాట్లాడితే మండుతుంది. అయినా అడిగాడు.

సరళ కూతురి వైపు చూసింది. కూతురు జిప్పు ఆపింది.

"పప్పు గాక ఇంకొకటి నేర్చుకోమనుండ్రి. అప్పుడు చూద్దాం," అంది నాగలత. అని ఆటో వైపు నడిచింది. నవ్వు దాచుకోవడానికి వేగంగా నడిచింది.

ఆటో వెళ్లాక కొడుకు తండ్రి ముందు వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, ఈ గుండు సంగతి..."

"టోపీ పెట్టుకో. జుట్టు వచ్చేదాకా నా ముందు తియ్యకు. ఆ మాట నువ్వు ఎత్తకు. నేనూ ఎత్తను."

"కోపం పోయిందా?"

"ఎత్తనని చెప్పాను."

గురువారం ఆయన బస్సెక్కాడు. మిగతా రెండూ కూడా పూర్తి చేశాడు. స్కాన్ చూసి డాక్టరు నవ్వాడు, ఈయన నవ్వలేదు. మరుసటి ఏడు వైశాఖంలో పెళ్లి జరిగింది. పందిట్లో పిల్లలెవరో మైకు తెచ్చి గుండు కథ చెప్పమన్నారు. వెంకటనారాయణ లేచి భోజనాల వైపు వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఆ ఊసు వస్తే లేచి వెళ్లిపోతాడు. క్షమించాడని కాదు. మాట్లాడడు, అంతే.