ఒళ్ళు మరిచిపోని పరాయివాడు

శరభేశ్‌కు మొదటి విస్తరి వేస్తూ ఉదయభాను ఆ రోజూ లోపల ఉడికిపోయాడు. ఉదయభాను భార్య మేధినికి శరభేశ్ చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు, కణజోడు. పుట్టిన ప్రతి బిడ్డ ఆరో క్రోమోజోమునూ జోడుయంత్రం చదువుతుంది. తనదేదో, పరాయిదేదో ఒంటికి చెప్పే కణముద్రలు అక్కడివే. అవే ముద్రలున్న మనిషి ఎక్కడున్నా వెతికి చూపిస్తుంది. జోళ్ళు వచ్చాక, పరాయి అవయవాన్ని తిప్పికొట్టకుండా ఒంటిని లొంగదీసే పాత మందుల తయారీయే మానేశారు. జోడును పుట్టింటివాడిలా చూసుకోవడం కాకినాడలో ఆనవాయితీ అయింది.

మేధినికి తలనొప్పి వస్తే మొగుడికంటే ముందు శరభేశే ఫోన్ చేసేవాడు. ఇప్పుడామె కిడ్నీలు రెండూ పాడయ్యాయి. అడక్కుండానే అతను ఇవ్వడానికి వచ్చాడు. మర్నాడే ఆపరేషను.

సాయంత్రం వాళ్ళిద్దరూ ఆసుపత్రిలో చేరాక ఉదయభాను పట్టుబట్టి తనకూ పరీక్ష చేయించుకున్నాడు. ముద్రలు కలవలేదు సరికదా, ఆమె రక్తంలో అతని ముద్రల మీదికి దూకే యాంటీబాడీలు కూడా ఉన్నాయని డాక్టరు చెప్పింది. బాబు కడుపులో ఉన్నప్పుడు, వాడిలోని తండ్రి ముద్రలను పరాయివనుకుని ఆమె ఒళ్ళు తయారుచేసుకున్నవట అవి. అతని కిడ్నీ పెడితే, గంటల్లో ఆ కిడ్నీ చచ్చిపోతుందట.

ఉదయభాను ముఖం మాడిపోయింది.

"నా బిడ్డను మోస్తూ నామీదే పగబట్టావన్నమాట," అన్నాడు భార్యతో.

మేధిని నీరసంగా నవ్వింది. "పగేంటండీ. శరభేశ్‌గారి కిడ్నీ పెడితే వచ్చినట్టు కూడా నా ఒంటికి తెలీదంట. ఇన్నేళ్ళైనా మిమ్మల్ని మాత్రం మర్చిపోలేదు కదా."

ఉదయభానుకు కడుపు నిండిపోయింది. పక్క మంచం మీద శరభేశ్ లేచి కూర్చున్నాడు.

"నాది అసలు గుర్తే పట్టదా, డాక్టరుగారూ?" అని అడిగాడు.

"అస్సలు పట్టదండి. అదే కదా జోడు గొప్పతనం."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

శరభేశ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరిగేముందు అతని ముఖంలో కనిపించింది అసూయ అని ఉదయభాను ఇట్టే పోల్చుకున్నాడు. ఏళ్ళ తరబడి తను పడ్డదే అది.

తెల్లారేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. డాక్టరు కంగారుగా జోడుయంత్రంతో మళ్ళీ వెతికించింది. దేశమంతా గాలించి, అది శరభేశ్ పేరొక్కటే చూపించింది.

ఉదయభాను చెప్పులు వేసుకుని అతని కాళ్ళు పట్టుకోవడానికి బయలుదేరాడు.