వెనక్కి వెళ్ళని సైన్సు వ్యాను

"ఆ సందులోకి పోనివ్వండి," అంది టీచరు.

"పోనిస్తాను. బయటికి ఎలా రావాలి?" అన్నాడు డ్రైవరు.

"రివర్సులో."

"నేను రివర్సు చెయ్యను."

టీచరు అతనికేసి తిరిగి చూసింది. ఉద్యోగంలో ఆమెకది మొదటి రోజు. బడి వదిలాక పిల్లలున్న చోటికే వెళ్ళి పాఠాలు చెప్పే సైన్సు వ్యాను అది. వెనక తలుపులు తెరిస్తే లోపల మైక్రోస్కోపులు, అయస్కాంతాలు, గాజు గొట్టాలు. డ్రైవరు ఏ పేటకు వెళ్ళినా బండిని మెయిన్ రోడ్డు పక్కనే ఆపుతాడు, అక్కణ్ణించి తిన్నగా ముందుకే వెళ్ళిపోవచ్చని. పిల్లలు అతనికి 'ముందుకే అన్నయ్య' అని పేరు పెట్టారు. అదేదో బిరుదైనట్టు మహానుభావుడు మురిసిపోతుంటాడు కూడా.

రోడ్డుకు అవతల, సందు మొగలో గుంపుగా నుంచుని ఇటే చూస్తున్న పిల్లల్ని చూపించింది టీచరు. "వాళ్ళెందుకు రారు?"

"రోడ్డు దాటితే కాళ్ళు విరగ్గొడతామని చెప్పి మరీ డ్యూటీలకి పోతారు వాళ్ళ అమ్మలు. లారీలు అలా తిరుగుతాయి. ఆ తల్లుల తప్పేం లేదు."

"మరి తప్పెవరిది? మీదా, మీ గేరుదా?"

ఏం నోరు బాబూ, అనుకున్నాడు డ్రైవరు. పైకి మాత్రం స్టీరింగు తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి టీచరు ఇటు పాఠం అవ్వగానే మైక్రోస్కోపును చంటిపిల్లలా ఎత్తుకుని రోడ్డు దాటేది. సందులో అరుగు మీద దాన్ని పెట్టి, అక్కడి పిల్లలకీ చూపించి వచ్చేది. డ్రైవరుతో మాటల్లేవు. ఎప్పుడైనా ఉంటే, "గేరు గారు కులాసానా?" అని ఒక్క ముక్క.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. టీచరు గొడుగు మైక్రోస్కోపుకి పట్టి, తను తడిసి ముద్దయి వస్తోంది. డ్రైవరు రెయిన్ కోటు పట్టుకుని ఎదురు పరిగెత్తాడు.

"అదేంటండీ, గొడుగు దానికి పట్టారు? జలుబు చెయ్యదూ?"

"నా జలుబుకి మందుంది. లెన్సుకి బూజు పడితే ఏం చేస్తాం?"

ఆమె రెప్పల మీంచి నీళ్ళు జారుతున్నాయి. డ్రైవరు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. లారీ హారను కొడితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఇక చెప్పేదేముంది, మనవాడి పని అయిపోయింది.

సామాను వానలో రోడ్డు దాటిన సంగతి ఆఫీసుకు తెలిసింది. పెద్ద మేడమ్ ఫోను చేసింది. సామాను బండి దిగడానికి వీల్లేదు. శనివారం తనే వచ్చి చూస్తుంది. వ్యాను సందులోకి వెళ్తే ఆ పిల్లలకి పాఠం, లేకపోతే లేదు.

ఫోను పెట్టేశాక టీచరు డ్రైవరు వైపు తిరిగింది.

"నిన్న చివరింటి పాపకి ఉల్లిపొర చూపించాను. 'టీచర్, ఇందులో ఎన్ని గదులో, మాకు ఒకటే గది' అంది. ఆ పిల్లకి ఇక లేదని ఎలా చెప్పను? అసలు ఆ సందంటే మీకెందుకంత చులకన?"

"చులకనా?" డ్రైవరు మొహం పాలిపోయింది. "ఇదివరకు స్కూలు వ్యాను నడిపేవాణ్ణండీ. ఓ రోజు రివర్సులో టైరు కింద ఏదో నలిగింది. దిగి చూస్తే ఓ పిల్ల సైకిలు. పిల్ల అప్పుడే దిగి పక్కకి వెళ్ళింది. నాకు అద్దంలో ఏమీ కనబడలేదు. ఇప్పటికీ ఆ గేరు మీద చెయ్యేస్తే ఆ చప్పుడే వినబడుతుంది."

టీచరుకి తన వెటకారాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. "క్షమించండి. నాకు తెలీదు," అంది. "అద్దంలో కనబడకపోతే ఏం? వెనక నేనుంటాను. ఎలా చెప్పాలో నేర్పండి," అంది.

"బండి మీద చేత్తో కొడతారు. ఒక దెబ్బ ఆగమని. రెండు దెబ్బలు రమ్మని."

ఆ వారమంతా పొద్దున్నే ఖాళీ మైదానంలో ప్రాక్టీసు. గోడలకు బదులు డ్రైవరు ఇంట్లోంచి తెచ్చిన ప్లాస్టిక్ బకెట్లు. తలుపులు వెనక ఉన్నాయి కాబట్టి సందులోకి వెళ్ళేటప్పుడే వెనక్కి వెళ్ళాలి, లేకపోతే పిల్లలు రోడ్డు మీద నుంచోవాలి. పగిలిన బకెట్లు చూసి డ్రైవరు వాళ్ళమ్మ నడుం మీద చేతులేసుకుంది.

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"అమ్మాయేంటమ్మా. సందు కోసం."

"సందు కోసం నా బకెట్లు తొక్కించే రకం కాదురా నువ్వు. ఓసారి ఇంటికి తీసుకురా, చూస్తాను."

శనివారం. పెద్ద మేడమ్ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. టీచరు పిల్లలందర్నీ అరుగులెక్కించి కూర్చోబెట్టింది. డ్రైవరు రివర్సు గేరు వేశాడు. వెనక నుంచి రెండు దెబ్బలు. బండి కదిలింది. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు. సగం దూరం వెళ్ళాక ఒకే దెబ్బ పడింది.

డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. వీపంతా చెమట.

"సైకిలు అడ్డముంది," టీచరు గొంతు నిదానంగా వినబడింది. "తీసేశాను. పిల్లలందరూ అరుగుల మీదే ఉన్నారు. నేను లెక్క చూశాను."

అతను తలుపు పిడి మీద చెయ్యేశాడు. దిగిపోదామనిపించింది. ఒక గది ఇంటి పాప గుర్తొచ్చింది. రెండు దెబ్బలు పడ్డాయి. అతను బ్రేకు వదిలాడు.

వ్యాను సందు మొగలో గేటులా నిలబడింది. పక్కన ఒక మనిషి ఒదిగి వెళ్ళేంత దారే మిగిలింది, ఇక ఏ పిల్లా టీచరు కళ్ళుగప్పి రోడ్డు మీదికి పరిగెత్తే వీల్లేదు. పెద్ద మేడమ్ చుట్టూ తిరిగి చూసింది.

"రోజూ ఇలాగే పెట్టగలవా?"

"ఆవిడ వెనకుంటే పెడతానండీ."

మేడమ్ కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే ఇద్దరికీ ఒకే డ్యూటీ," అని వెళ్ళిపోయింది.

చివరింటి పాప మైక్రోస్కోపులో కన్ను పెట్టి కదలనంది. టీచరు ఓ క్షణం క్యాబిన్ దగ్గరికొచ్చింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాడు డ్రైవరు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మా అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది. ముందు నేను మీ ఇంటికొచ్చి మీ నాన్నగారితో మాట్లాడతాను. రావచ్చా?"

టీచరు మొహం కందిపోయింది. పిల్లలందరూ మెడలు సాచి ఇటే చూస్తున్నారు. ఆమె గబగబా బండి వెనక్కి వెళ్ళిపోయింది.

తొందరపడ్డానా అనుకుంటూ డ్రైవరు సీట్లో కూలబడ్డాడు.

బండి వెనక ఒక దెబ్బ పడింది. అతని ప్రాణం చివుక్కుమంది.

అంతలో రెండోది పడింది.