కరదర్శిని చూడని చేయి

లెక్కలు బేరీజు వేసే యంత్రం, బేరీజిక, తన తీర్పు ఉదయమే చెప్పేసింది. ఇనుపముక్కల్ని అదిమే ఏడో ప్రెస్సుకు కరదర్శిని అనే కెమెరా చాలు, చేయి కనబడగానే అదే ప్రెస్సును ఆపేస్తుంది. రెండు చేతులతో నొక్కి పట్టుకుంటేనే ప్రెస్సు దిగేలా ఉన్న పాత బొత్తాల వల్ల పని నెమ్మదిస్తోంది కనుక వాటిని పీకేయవచ్చు. వంటింటి మిక్సీ నుంచి మేడల లిఫ్టు దాకా, ఎంత ఖర్చుకు ఎంత రక్షణో బేరీజికలే తేల్చే కాలమది. మనుషులకు మిగిలింది సంతకం.

అయితే గాజువాక దగ్గరున్న ఈ ఇనుప విడిభాగాల కర్మాగారంలో ఒక మొండి ఆనవాయితీ ఉంది. సంతకం పెట్టే చేతినే ముందుగా ప్రెస్సు కింద పెట్టాలి. భద్రతాధికారి నిరుపమకు అది ఒట్టి చాదస్తమనిపించినా, తప్పించుకుంటే పరువు పోతుంది.

ప్రెస్సు నడిపే భూదేవి బొత్తాల దగ్గర నిలబడింది. ముందు గుడ్డలు కుక్కిన గ్లవ్ పెట్టి చూశారు. కరదర్శిని దీపం ఎర్రబడి ప్రెస్సు టక్కున ఆగింది. ఇక నిరుపమ వంతు. ఆమె కుడిచేయి చాచింది. ఆషాఢమని నిన్న భోజనాల వేళ ఆడవాళ్లంతా పట్టుబట్టి పెట్టిన గోరింటాకు మణికట్టు దాకా ఎర్రగా పండి ఉంది. భూదేవి బొత్తాలు నొక్కింది.

ప్రెస్సు దిగింది. దిగుతూనే ఉంది. నిరుపమకు చేయి తీయాలని కూడా తోచలేదు. చేతికి జానెడు ఎత్తులో అది ఆగిపోయింది.

"దీపం ఎర్రబడనేదమ్మా. బయమేసి నాను చేతులు తీసేసినాను," అంది భూదేవి.

నిరుపమ చేయి వెనక్కి లాక్కుని వేళ్లు తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చినట్టయి, అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చేసింది. భూదేవి మంచినీళ్లు తాగించి, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

కారణం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. కొలిమిలోంచి ఎర్రగా కాలి వచ్చే ఇనుపముక్కను చూసి ఆగకూడదని కరదర్శినికి నేర్పారు. ఆషాఢం సంగతి ఎవరూ నేర్పలేదు.

బేరీజిక వెంటనే లెక్క సవరించుకుంది. గోరింటాకును నిషేధించండి, ఖర్చు శూన్యం అంది. నిరుపమకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. బొత్తాలు ఉండాల్సిందేనని ఆదేశమిచ్చింది. దేని ఆధారంతో అని యంత్రం అడిగింది.

"భూదేవి చేతులు తీసింది," అంది నిరుపమ.

అలాంటి అంశం తన లెక్కల్లో లేదంది బేరీజిక.

భూదేవి ఆ చేయి ఇంకా వదల్లేదు. వెలుతురు వైపు తిప్పి చూసి, "బాగా పండిందమ్మా," అంది.