బొటనవేలి దరువు

"గ్లవ్ బిగుతుగా ఉందాండీ?" అని అడిగింది డాక్టర్ హైమావతి.

"నా చేతికి చెమట ఎక్కువమ్మా. మీ మిషను పాడైపోతుంది," అన్నాడు సింహాద్రి.

"పాడవదు. ఉప్పునీళ్లలో ముంచి చూశాం."

"నాకు అలర్జీ కూడా ఉంది."

"అరవై మూడేళ్లుగా లేని అలర్జీ ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అంది పక్కనే ఉన్న ఆయన భార్య నూకరత్నం. "ఊరికే నస పెట్టకుండా తొడుక్కోండి. అవతల నలభైమంది నిలబడి ఉన్నారు."

సింహాద్రి గ్లవ్‌లోకి వేళ్లు దూర్చాడు. ఆయన ముఖం చూస్తే ఇంజెక్షన్‌కి చెయ్యి చాపిన మనిషి గుర్తొస్తాడు.

ఇది 2047లో, విశాఖపట్నం పెదవాల్తేరులోని ఒక కమ్యూనిటీ హాల్లో, శనివారం సాయంత్రం ఐదున్నరకి జరిగిన సంగతి. అప్పటికి ఫోన్లన్నీ కళ్లద్దాల్లోకి దూరిపోయాయి. పక్కసీట్లో మనిషి ఉన్నాడో లేడో కూడా చూడకుండా జనం బతకడం మొదలెట్టారు. దానికి విరుగుడేమో మరి, ఊరు ఊరంతా జంట డాన్సుల మీద పడింది. శనివారం వచ్చిందంటే చాలు, బ్యాంకు మేనేజర్లూ, చేపల ఎగుమతిదార్లూ, రిటైరైన హెడ్మిస్ట్రెస్‌లూ కళ్లద్దాలు గుమ్మం దగ్గర బుట్టలో పడేసి హాల్లోకి పరిగెత్తేవారు. చెప్పులు విప్పినట్టు కళ్లద్దాలు విప్పడం అక్కడి ఆచారం.

హాలుకి రెండు అంతస్తులు. మేడమీద సల్సా, కింద మోడరన్ జైవ్. ఈ రెండు వర్గాల మధ్య మాటల యుద్ధం గురించి ఏం చెప్పమంటారు, రెండు వీధుల వినాయక కమిటీలు కూడా అంతగా కొట్టుకోవు. తెలియనివాళ్ల కోసం తేడా చెబుతాను. సల్సాకి ఎనిమిది లెక్కలు. ఒకటి రెండు మూడు అడుగు వెయ్యాలి, నాలుగు మీద ఆగాలి. ఐదు ఆరు ఏడు వెయ్యాలి, ఎనిమిది మీద ఆగాలి. పాదాలు ఆ లెక్క తప్పాయా, పరువు పోయినట్టే. నేర్చుకోవడానికి నెలలు పడతాయి. జైవ్‌కి పాదాల గొడవే లేదు, నడవడం వస్తే చాలు. సరైన దరువున్న ఏ పాటైనా పనికొస్తుంది, మన సినిమా పాటైనా సరే. కథంతా చేతుల్లో ఉంటుంది. తిరగమనీ, దగ్గరికి రమ్మనీ, దూరం జరగమనీ చెయ్యే చెబుతుంది. మూడు నిమిషాలకోసారి మాస్టారు "మారండి!" అని కేక వేస్తే, అందరూ పక్క జోడీలోని మనిషితో కలవాలి. ఒకే సాయంత్రం పాతికమందితో ఆడొచ్చు.

సింహాద్రి జైవ్ మాస్టారు. ముప్ఫయ్యేళ్లు పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అసలు విచిత్రం ఏమిటంటే, ఆయన జైవ్‌లోకి రాకముందు పన్నెండేళ్లు మేడమీద సల్సా నేర్పాడు. మూడేళ్ల కిందట హఠాత్తుగా మోకాళ్ల నొప్పులంటూ సల్సా వదిలేసి, నూకరత్నంతో కలిసి జైవ్ నేర్చుకుని, కింద హాల్లో క్లాసు పెట్టాడు. అప్పట్నుంచి సల్సాని ఆడిపోసుకోవడమే పని. "సల్సాలో చెయ్యి మూగదయ్యా! జైవ్‌లో చెయ్యి మాట్లాడుతుంది," అనేవాడు. మేడమీద ఇప్పుడు నేర్పుతున్న దిలీప్ పట్నాయక్ ఆయన పాత శిష్యుడే. గురువుగారి మాటలకి నవ్వి ఊరుకునేవాడు.

ఇక హైమావతి సంగతి. ఆవిడ ముసలివాళ్లని మంచం మీంచి లేపి నడిపించే రోబోని తయారుచేస్తోంది. రోబో బాగానే ఉంది, బలంగానూ ఉంది. చిక్కల్లా ఏమిటంటే, అది చెయ్యి పట్టుకోగానే పేషెంట్లు హడలిపోయి మంచం కోడు గట్టిగా పట్టుకునేవారు. మనిషి చెయ్యి పట్టుకుంటే ఆ పట్టులోనే "లేద్దామా?" అనే ప్రశ్న ఉంటుంది. రోబోకి ఆ ప్రశ్న వేయడం రాదు. ఆ ప్రశ్న ఎలా ఉంటుందో కొలవడానికి ఆవిడ గ్లవ్ చేసింది. బట్టలో వెంట్రుకంత సెన్సర్లు ఉంటాయి. జోడీలో ఇద్దరూ తలొకటి తొడుక్కుంటే, కదలిక ఎవరి చేతిలో ముందు మొదలైందో సెకనులో వెయ్యో వంతు వరకు చెప్పేస్తాయి. మొదలుపెట్టినవాళ్ల మణికట్టు మీద ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. మాటల్లేకుండా పరాయి మనుషులు కలిసి కదిలే చోటు డాన్సు హాలుని మించి ఏముంది? అందుకే వచ్చింది.

కిందటి శనివారం మేడమీద కొలిచింది. సల్సాలో ఇద్దరి లైట్లూ ఒక్కసారే వెలిగాయి. ఇద్దరూ లెక్క ప్రకారం పోతున్నారు కదా, ఎవరూ ఎవరినీ అడగడం లేదు. జైవ్‌లో అలా కాదు, లైటు నడిపించేవాడి చేతి మీదే వెలగాలి. ఆ సంగతి పోస్టరు వేసి మరీ గుమ్మం దగ్గర అంటించారు.

ఆ పోస్టరు చదివి సింహాద్రికి మూడు రోజులు అన్నం సయించలేదు. బుధవారంనాడు ఒక్కడే ల్యాబుకి వెళ్లాడు.

"నన్ను వదిలెయ్యమ్మా," అన్నాడు హైమావతితో. "నాకు పాట వినబడదు."

ఆవిడకి అర్థం కాలేదు.

"నువ్వు ఎదురుగా కూర్చుని మాట్లాడితే వినబడుతుంది. హాల్లో స్పీకర్లు మొదలయ్యాయంటే నా చెవికి అంతా ఒకటే హోరు. పోర్టు శబ్దాల పుణ్యం. రహస్యంగా చెవి మిషను కూడా పెట్టి చూశాను. మాట పలుకుతుంది గానీ, పాట మాత్రం గిన్నెలు తోమినట్టుంటుంది. అందుకే సల్సా మానేశాను. ఒకటి ఎక్కడుందో వినబడకపోతే సల్సా ఎలా ఆడతాను?"

"మరి జైవ్?"

సింహాద్రి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "జైవ్‌లో ఒక సుళువుందమ్మా. ఆడవాళ్ల బొటనవేలు పాటకి దానంతటదే కదులుతుంది. నా చేతి వెనకాల టక్, టక్ మని. మొదట రత్నం చేతిలో కనిపెట్టాను, తర్వాత చూస్తే అందరి చేతుల్లోనూ ఉంది. జైవ్ స్వభావమే అంత. దాన్ని దొంగచాటుగా పట్టుకుని నెట్టుకొస్తున్నాను. మా ఆవిడకి కూడా తెలీదు. రేపు మీ లైటు వాళ్ల చేతుల మీద వెలిగిందనుకో, చెవిటివాడు డాన్సు నేర్పుతున్నాడని ఊరంతా నవ్వుతుంది. నాకు ఉన్నదల్లా ఆ శనివారమేనమ్మా. అది పోతే నేనేం చెయ్యను?"

హైమావతికి మనసు కరిగిపోయింది. కానీ అదే సమయంలో ఆవిడలోని సైంటిస్టు చెవులు నిక్కబొడుచుకుంది. ఆడవాళ్ల బొటనవేలు దానంతటదే కదులుతుందా! ఇంతకాలం వెతుకుతున్న ప్రశ్న అదే కావచ్చు.

"మీరు మానేస్తే ఎందుకు మానేశారని అందరూ అడుగుతారు," అంది. "గ్లవ్ తొడుక్కోండి. లైట్లు నేను ఆపేసి ఉంచుతాను. లెక్కలు నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా కనబడవు."

అన్నమాట ప్రకారం లైట్లు ఆపేసింది కూడా. కానీ ఆ శనివారం సల్సా వాళ్లు కూడా సరదాగా చూడ్డానికి కిందికి దిగారు. అందరూ గ్లవ్‌లు తొడుక్కున్నాక పాట మొదలై, సింహాద్రి నూకరత్నం చెయ్యి అందుకోగానే దిలీప్‌కి మణికట్లు చీకటిగా కనిపించాయి. పోయిన వారం గ్లవ్ తొడుక్కున్నవాడు కదా, మీట ఎక్కడుందో బాగా తెలుసు.

"మేడమ్, లైట్లు వెయ్యడం మర్చిపోయారు!" అని టేబుల్ మీది మీట నొక్కేశాడు. సాయం చేద్దామనే పాపం.

నూకరత్నం మణికట్టు మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. మళ్లీ వెలిగింది. ప్రతి దరువుకీ ఆవిడ చేతి మీదే. సింహాద్రి గబుక్కున "మారండి!" అని అరిచాడు. హైమావతి మీట దగ్గరికి చేరుకునే లోపలే పక్క జోడీలోంచి హెడ్మిస్ట్రెస్ కృపావతి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ లైటూ వెలిగింది. తర్వాత కాకినాడ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఝాన్సీ వచ్చింది. ఆవిడదీ అంతే.

సింహాద్రి చెయ్యి వదిలేశాడు. ఎవరో పాట ఆపారు.

"చాలు," అన్నాడు. "మీ అందరినీ మోసం చేశాను. నాకు పాట వినబడదు. మూడేళ్లయింది. మీ చేతుల్లోంచి దరువు దొంగిలించి మాస్టారునని చెప్పుకుంటున్నాను. వచ్చే వారం నుంచి వేరే ఎవరినైనా చూసుకోండి."

సిగ్గుతో ఆయన తల ఎత్తలేదు. కృపావతే ముందుకొచ్చింది. ఆయన తల ఎత్తేదాకా ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా నిదానంగా చెప్పింది.

"ఏం దొంగిలించారు మాస్టారూ? మేం ఇస్తున్నాం, మీరు పుచ్చుకుంటున్నారు. మీకు వినబడదని మాకు మూడేళ్ల నుంచీ తెలుసు. కొత్తగా ఎవరు చేరినా రత్నంగారు ముందు వాళ్లని పక్కకి తీసికెళ్లి బొటనవేలితో దరువు వెయ్యడం నేర్పుతారు. ఆ తర్వాతే మీ దగ్గరికి పంపుతారు."

సింహాద్రి భార్యకేసి చూశాడు. నూకరత్నం చేతిలోని రుమాలు మడత పెట్టుకుంటోంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"మీరు సల్సాలో నాలుగు మీద అడుగేసిన రోజే తెలిసింది," అంది. "పన్నెండేళ్లలో మీరు నాలుగు మీద ఎప్పుడైనా అడుగేశారా? మీరే చెప్తారులే అనుకున్నాను. చెప్పలేదు. సరే, నేనూ చెప్పలేదు."

ఇంతలో ఝాన్సీ "అయ్యో!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. "అదేంటండీ, అది జైవ్ రూల్ కాదా? రత్నంగారు నేర్పితే జైవ్ అంటే అంతేననుకున్నాను. కాకినాడ వెళ్లి మా చెల్లెలి క్లాసులో ముప్ఫైమందికి నేర్పేశానే! వాళ్లు రాజమండ్రి వాళ్లకి కూడా నేర్పుతున్నారు!"

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. దిలీప్ నవ్వలేక నేల మీద చతికిలబడ్డాడు. సింహాద్రికి ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాత అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. మూడేళ్లుగా గుండెల మీద పెట్టుకు తిరుగుతున్నది దిగిపోయింది. క్రేన్ హుక్కు నుంచి కంటెయినరు దిగాక ఇనపతాడు ఎలా తేలిగ్గా ఊగుతుందో, ఆయన భుజాలు అలా ఊగాయి.

హైమావతి కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. "ఇది కూడా చూడండి మాస్టారూ. దరువు వాళ్ల చేతిలో మొదలవుతోంది, నిజమే. కానీ ప్రతి మలుపూ, ప్రతి తిప్పూ మీ చేతిలోంచే మొదలవుతోంది. ఎప్పుడన్నది వాళ్లు చెబుతున్నారు, ఏమిటన్నది మీరు చెబుతున్నారు."

"క్రేన్‌లోనూ అంతేనమ్మా," అన్నాడు సింహాద్రి కళ్లు తుడుచుకుంటూ. "అద్దాల గదిలో కూర్చుంటే ఏ మాటా వినబడదు. కింద సిగ్నల్‌మ్యాన్ చెయ్యి చూసే ముప్ఫయ్యేళ్లు బరువులెత్తాను. ఒక్కటీ పడెయ్యలేదు."

"అయితే వచ్చే వారం క్లాసు ఉన్నట్టేనా?" అంది కృపావతి.

"ఎందుకుండదు? మారండి!"

ఆ సాయంత్రం లైట్లన్నీ వెలుగుతుండగానే ఆడారు.

రెండేళ్లు గడిచాయి. హైమావతి రోబో పూర్తయింది, దానికి ఊతం అని పేరు పెట్టింది. అది పేషెంటు చెయ్యి పట్టుకుని లాగదు. ముందు బొటనవేలితో చేతి వెనకాల మెల్లగా దరువు వేస్తుంది. అవతలి చెయ్యి ఆ దరువులో కలిసేదాకా ఆగుతుంది, కలిశాకే లేపుతుంది. మంచం కోళ్లు పట్టుకున్న ముసలివాళ్లు కూడా దాని వెంట బుద్ధిగా నడుస్తున్నారు. ఎందుకు నడుస్తున్నారో ఆవిడ పెద్ద పేపరు రాసింది. ఇదంతా తన మొగుడు నలుగురిలో చిన్నబోకూడదని ఒక ఇల్లాలు కనిపెట్టిన ఉపాయమని ఆ పేపర్లో చివరి పేరాలో ఉంది. చివరి పేరాలు ఎవరు చదువుతారు గనక?

ఊతాన్ని మొదటిసారి జనానికి చూపించే రోజున ఆవిడ సింహాద్రి దంపతుల్ని పిలిచింది. అదే హాలు, మేడమీద. పాట పెట్టే పని దిలీప్‌ది. వాడి దగ్గర సల్సా తప్ప ఏముంటుంది? సల్సాయే పెట్టాడు.

సింహాద్రి నవ్వుకుంటూ రోబో చెయ్యి పట్టుకున్నాడు. రబ్బరు బొటనవేలు పాటకి తగ్గట్టు ఆయన చేతి వెనకాల టక్ టక్‌మంది, ఒకటి మీద కాస్త గట్టిగా. అంతే, ఆయన పాదాలు వాటంతటవే కదిలాయి. ఒకటి రెండు మూడు. నాలుగు మీద ఆగాయి. ఐదు ఆరు ఏడు. ఎనిమిది మీద ఆగాయి. ఐదేళ్ల కిందట వదిలేసిన సల్సా ఒక్క లెక్క తప్పకుండా తిరిగొచ్చేసింది. పాట అయ్యేదాకా ఆడాడు. జనం చప్పట్లు కొట్టారు. దిలీప్ వచ్చి కాళ్లకి దండం పెట్టాడు.

సింహాద్రి ఆయాసపడుతూ వచ్చి నూకరత్నం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఏదో లెక్క నడుస్తోంది.

"రత్నం."

"ఊఁ."

"ఈ దరువు సల్సాక్కూడా సరిపోతుందన్నమాట."

"ఎందుకు సరిపోదు? అదీ పాటేగా."

"మరి నేను సల్సా మానేస్తానన్న రోజున నీకీ సంగతి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ, పోనీ జైవ్ నేర్చుకుందాం పదండి అన్నావా? ఒక్క మాట చెబితే నేను సల్సాలోనే ఉండిపోయేవాణ్ణి కదా!"

నూకరత్నం ఆయన వైపు తిరిగి, ఒక్కో మాటా విడివిడిగా కనబడేలా చెప్పింది.

"నాకు సల్సా అంటే విసుగు, ఆ ఒకటీ రెండూ మూడూ అంటే తలనొప్పి అని పన్నెండేళ్లపాటు ప్రతి శనివారం మీకు చెప్పాను. ఒక్కసారి విన్నారా? అప్పుడు మీ చెవులు నిక్షేపంలా పనిచేసేవి."

సింహాద్రి లేచి, భార్యకి చెయ్యి చాపాడు. ఇద్దరూ మెట్లు దిగి కింద హాల్లోకి వెళ్లిపోయారు.