బెదురుసూది

2081లో హైదరాబాదు ఆదివారం మధ్యాహ్నాలన్నీ దుప్పి కూర వాసన వేస్తాయి. సందుకొక మాంసం కొట్టు, కొట్టుకొక పొడవాటి గాజు తొట్టి, తొట్టిలో గులాబి రంగు ద్రవంలో నెమ్మదిగా పెరుగుతున్న కండ. దుప్పి, కణితి, అడవిపంది, నెమలి, కొండగొర్రె, ఏది కావాలంటే అది. దేన్నీ చంపక్కర్లేదు. ఒక్క రక్తపు బొట్టులోంచి తీసిన కణాలకు చక్కెర నీళ్లు, లవణాలు, కాస్త వెచ్చదనం ఇస్తే పదహారు రోజుల్లో కిలో కూర తయారు. జనం దానికి తొట్టి మాంసం అని పేరు పెట్టుకుని పెళ్లిళ్లకూ బారసాలలకూ వండుకుంటున్నారు.

అంతకుముందు యాభై ఏళ్లు వేట గురించి కొట్టుకుచచ్చారు. అడవి చుట్టూ కంచె వెయ్యాలన్నవాళ్లు కొందరు, లైసెన్సు ఇచ్చి లెక్కగా వేటాడనిస్తేనే అడవి బతుకుతుందన్నవాళ్లు కొందరు, ముందు అడవిలో ఉన్నవాళ్లను అడగండయ్యా అని అరిచినవాళ్లు ఇంకొందరు. తొట్టి వచ్చి అందరి నోళ్లూ మూయించింది. "చంపకుండానే తినగలిగినప్పుడు చంపేవాడెవడండీ?" అని శాసనసభలో ఒకాయన బల్ల గుద్ది మరీ అడిగాడు. పాపం, ఆయనకు మనుషుల గురించి తెలిసింది అంతే.

వేట ఆగలేదు. పదహారు రోజులు తొట్టిని కాపలా కాసే బదులు నల్లమలలో ఒక్క ఉచ్చు పన్నితే చాలు కదా. ఉచ్చులో పడ్డ జంతువును కోసి, తొట్టి మాంసం సంచుల్లో పెట్టి అమ్మేవాళ్లు. కొనేవాళ్లకు తెలియదు. పట్టుకుందామంటే అటవీశాఖకూ తెలియదు. రెండిటి కణాలూ ఒకటే, డి.ఎన్.ఏ. ఒకటే. ఏ ప్రయోగశాలకు పంపినా "తేడా లేదు" అని చీటీ వచ్చేది.

ఆ తేడా కనిపెట్టమని అటవీశాఖ డాక్టర్ వకుళను అడిగింది. జీవరసాయన శాస్త్రంలో పేరున్న మనిషి, నలభై ఐదేళ్లు, పెళ్లీ పెటాకులూ లేవు, ప్రయోగశాలే ఇల్లు. ఏడాదిపాటు యంత్రాలతో తల బద్దలు కొట్టుకుని, చివరికి నల్లమల అంచున మన్ననూరు అతిథిగృహంలో మండ్లి బయన్న ముందు పది గిన్నెలు పెట్టింది. బయన్న చెంచు. వయసు అరవై దాటింది. కొండగొర్రెలు తిరిగే ఒక వాలుకు కావలివాడు. వాటిలో ఒక్కోదాన్నీ మొహం చూసి గుర్తుపడతాడని చెప్పుకునేవారు.

బయన్న ఒక్కో గిన్నెలోంచి ఒక్కో ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండు గిన్నెలు పక్కకు నెట్టాడు.

"ఇవి రెండు ఉరికినయమ్మా. కడమయి ఉరకలె."

వకుళ తన చీటీ తిరగేసి చూసుకుంది. ఆయన నెట్టిన రెండే అడవి మాంసం. "నీకెట్లా తెలిసింది బయన్నా?"

"బెదిరి సచ్చినదాని కూర నాలుక చివర పుల్లగుంటది. ఇంకో మాట..."

ఆ ఇంకో మాట వినలేదు వకుళ. అప్పటికే కారు తలుపు దగ్గరుంది.

దారంతా ఆమె బుర్రలో ఒకటే మాట తిరిగింది. బెదురు! తొట్టిలో పెరిగిన కండ ఎప్పుడూ పరుగెత్తలేదు, ఎవరినీ చూసి భయపడలేదు. ఉచ్చులో పడ్డ జంతువు ఒంట్లో మాత్రం ఎడ్రినలిన్, కార్టిసాల్ పొంగుతాయి, పెనుగులాటకు కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ జాడలన్నీ కలిపి కొలిస్తే ఒక అంకె వస్తుంది. తొట్టి మాంసానికి సున్నా. అడవి మాంసానికి, ఎంత భయపడితే అంత.

ఎనిమిది నెలల్లో బెదురుసూది తయారైంది. కలమంత ఉంటుంది. ముక్కలో గుచ్చితే మూడు క్షణాల్లో పిడి మీద అంకె వెలుగుతుంది. ఏ జంతువుదో ఆ డి.ఎన్.ఏ. గుర్తు కూడా సర్వర్‌కు చేరుతుంది. పిడి చివర ఎర్ర మీట. సున్నా దాటితే దాన్ని నొక్కండి, అటవీశాఖ వాళ్లు వచ్చేస్తారు అని ప్రకటనలు ఇచ్చారు. సూది ఇంటింటికీ చేరింది. రెండో ఏడు సర్వర్‌లో నెలకు కోటి పరీక్షలు! జనం ఎంత చైతన్యంగా ఉన్నారో అనుకుని వకుళ మురిసిపోయింది. ఎర్ర మీట ఎంతమంది నొక్కుతున్నారో చూడాలని ఆమెకు తోచనేలేదు.

ఆ రోజుల్లోనే హోటళ్ల యజమాని మధుకేశ్వర్ ఆమెను భోజనానికి పిలిచాడు. సన్మానం, శాలువా, ఫోటోలు అయ్యాయి. ఆమె పక్క కుర్చీలో మంత్రిగారు. కూర వడ్డించారు. నల్లగా, జిగురుగా, నోట్లో పెట్టగానే ఏదో తెలియని ఘాటు. ఇలాంటి రుచి తన జన్మలో ఎరగదు వకుళ. మొహమాటం లేకుండా రెండోసారి అడిగి వేయించుకుంది.

అప్పుడు మధుకేశ్వర్ నవ్వుతూ వచ్చి ఆమె పళ్లెంలోని ముక్కలో సూది గుచ్చాడు. పిడి మీద ఎనభై మూడు వెలిగింది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"అబ్బో, ఎనభై మూడే!" అన్నారు మంత్రిగారు. "మా ఇంట్లో డెబ్బై దాటలేదండీ ఎప్పుడూ."

"మేడమ్ చలవే సార్ ఇదంతా," అన్నాడు మధుకేశ్వర్. "ఇదివరకు ఏది అసలో ఏది తొట్టిదో తెలిసి చచ్చేదా? ఇప్పుడు ఎవడూ మోసం చెయ్యలేడు."

వకుళ చేతి సంచిలో ఆమె సూది ఉంది. వేలు ఎర్ర మీట మీదకు వెళ్లింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. ఇంతమందిలో ఏం బాగుంటుంది అనుకుంది. రేపు ఆఫీసుకు వెళ్లి చెబుదాం, అదే పద్ధతి అనుకుంది. మీట నొక్కలేదు. అంతటితో ఊరుకున్నా ఒక దారి. పళ్లెం ఖాళీ చేసి మరీ లేచింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లలేదు. ఆ తర్వాత రోజూ వెళ్లలేదు. ఏదో ఒక పని అడ్డం వచ్చింది, లేక తెచ్చుకుంది.

నాలుగో రోజు బయన్న ప్రయోగశాలకు వచ్చాడు. నల్లమల దాటి ఆయన నగరానికి రావడం అదే మొదటిసారి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తువ్వాలు మూట విప్పి బల్ల మీద పెట్టాడు. నైలాన్ తాడు ముక్క, దానికి అంటుకున్న ఎర్రటి వెంట్రుకలు.

"చీలిచెవిదమ్మా. మా వాలుల పుట్టిన కొండగొర్రె, నా కండ్ల ముంగట పెరిగింది. దాని పిల్ల ఇంక పాలు తాగుతాంది."

"ఉచ్చా?"

"ఉచ్చయితే ఏడ్చి ఊకుందును. గుంతల కట్టేసిర్రు. సుట్టు కుక్కల నిలబెట్టి రెండు దినాలు మొరిగిపిచ్చిర్రు. మధ్యల నీళ్లు తాపిచ్చిర్రు, తొందరగ సావొద్దని. ఎందుకో ఎరికేనా?"

వకుళకు ఎరుకే.

"అంకె పెరగాలెనంట. దొరికినోణ్ణి అడిగితే జెప్పిండు. ఇరవై ఉంటే ఎవడు కొంటలేడంట. నలభై ఒకటి తిరుగుతుండె మా వాలుల. తొమ్మిది మిగిలినయి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని వకుళకు అనిపించింది.

"ఆ దినం నేనొక మాట జెప్తనంటే ఇనకుండ కారెక్కినవ్. బెదిరి సచ్చినదాన్ని మా పెంటల, అంటే మా గూడెంల, ఎవరు ముట్టరమ్మా. ఎంత ఆకలున్నా పారేస్తం. వేటంటే తెలవకుండ ఒక్క దెబ్బకు పడాలె. పెనుగులాడి సచ్చిందంటే అది వేటగాని తప్పు. ఆ తప్పు నాలుక మీద తెలుస్తదని మా తాత నేర్పిండు. పారేసేటందుకు నేర్పిన రుచి అది. దాన్నే నీకు జెప్పిన. మా తాత ఒక్క ఉడుమును కొడితే ఆర్నెల్లు జైల్ల పెట్టిర్రు. ఈళ్లనెవరు పెడ్తరు?"

వకుళ ఆ వెంట్రుకల్లో ఒకదాన్ని తీసి యంత్రంలో పెట్టింది. ఏదో ఒక పని చేస్తుంటే ఆయన కళ్లలోకి చూడక్కర్లేదని. డి.ఎన్.ఏ. గుర్తు తెర మీద పడింది. సర్వర్ అదే గుర్తున్న పరీక్షలను వెతికి ఒక్కటే చూపించింది. మధుకేశ్వర్ సూది. ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట పది. అంకె ఎనభై మూడు.

"ఏమైందమ్మా?"

"బయన్నా, దీన్ని నేనే తిన్నాను."

ఆయన వినపడనట్టు చూశాడు.

"రెండుసార్లు వేయించుకున్నాను. అంకె చూశాక కూడా తిన్నాను. మీట నా చేతిలోనే ఉంది, నొక్కలేదు." ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "నన్ను తిట్టు బయన్నా, ఏదైనా అను."

బయన్న తాడు ముక్కను మళ్లీ తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. "నేనేమంటనమ్మా? జెప్పింది నేనే గద," అని వెళ్లిపోయాడు.

ఆ రోజు వకుళ మొదటిసారి ఫిర్యాదుల పట్టీ తెరిచింది. రెండేళ్లలో సున్నా దాటిన పరీక్షలు పదకొండు లక్షలు. ఎర్ర మీట నొక్కినవాళ్లు మూడు వందల పన్నెండు మంది. ఆత్రంగా ఆ ఫిర్యాదులు చదివింది. "అరవై అని చెప్పి ముప్పై అంటగట్టాడు, చర్య తీసుకోండి." "మా పెళ్లి విందులో నాసిరకం సరఫరా చేశారు." ఇంచుమించు అన్నీ అవే. అటవీశాఖకు చెప్పి ప్రయోజనం లేదని అర్థమైంది. సూదులన్నీ వెనక్కి తెప్పిస్తే? అసలుదని నమ్మించడానికి జంతువును ఇంటి ముందుకే తోలుకొస్తారు. జనానికి కావలసింది అంకె. సరే, అంకెనే ఇద్దాం అనుకుంది.

మూడు వారాలు కూర్చుని ఒక అప్‌డేట్ రాసింది. ఇకనుంచి సూది తొట్టి మాంసంలో గుచ్చితే నలభైకీ తొంభైకీ మధ్య ఏదో ఒక అంకె వస్తుంది. నిజంగా బెదిరి చచ్చిన మాంసంలో గుచ్చితే సున్నా. ఒక సోమవారం పొద్దున్న అన్ని సూదులకూ దాన్ని పంపింది. తర్వాత అటవీశాఖకు ఉత్తరం రాసింది: సూదిలో లోపం బయటపడింది, దాని అంకె చూసి ఎవరినీ శిక్షించకండి అని. ఆ శాఖ పరువు కోసం ఉత్తరాన్ని బయటపెట్టదని ఆమెకు తెలుసు. పెట్టలేదు. ఆమెను మాత్రం ఉద్యోగంలోంచి పంపించేశారు. అసలు సంగతి బయన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ కుక్కలూ గుంతలూ మొదలవుతాయి. తను కనిపెట్టినదాని గురించి బతికినన్నాళ్లూ అబద్ధమాడటమే ఆమెకు మిగిలిన పని.

పని జరిగింది. వేటగాళ్లు అడవినుంచి తెచ్చిన మాంసానికి సున్నా చూపించేసరికి కొనేవాళ్లు వాళ్ల చొక్కాలు పట్టుకున్నారు. "తొట్టి సరుకు తెచ్చి మోసం చేస్తావురా?" అని మధుకేశ్వర్ మనుషులు ఒకణ్ణి చావబాదారు కూడా. మరోపక్క సందు చివరి కొట్లో తొట్టి దుప్పికి డెబ్బై ఐదు వస్తోందని తెలిసి జనం వరస కట్టారు. ఇంత ఘాటూ ఇంత జిగురూ నిన్నమొన్న తిన్న అడవి కూరకే లేవని లొట్టలు వేశారు. అడవిలో తీగ ఉచ్చులు ఒక్కొక్కటే తుప్పు పట్టాయి.

ఏడాది తర్వాత వకుళ మన్ననూరు వెళ్లింది. బస్టాండు పక్క హోటల్లో బయన్న ఎదురుగా కూర్చుంది. ఆయన ముందు జొన్నరొట్టె, ఆమె ముందు అన్నం, తొట్టి మాంసం కూర.

"పదమూడైనయమ్మా. చీలిచెవిదాని పిల్ల బతికింది," అన్నాడు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదటిసారేమో.

వకుళకు కళ్లు చెమర్చాయి. ఇంక చాలు అనుకుంది. అన్నంలో కూర కలపబోతుంటే హోటల్ మనిషి అలవాటుగా ఆమె ముక్కలో సూది గుచ్చి చూపించాడు. "ఎనభై మూడమ్మా! మీ అదృష్టం."

వకుళ చెయ్యి ఆగింది. ఆ అంకె ఉత్తదే. లాటరీ తీసినట్టు అంకెలు పుట్టించే ఆ నాలుగు వరుసలూ తన చేతులతో రాసినవే. ఈ ముక్క ఏనాడూ పరుగెత్తలేదని ఆమెకు తెలిసినంతగా ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

బయన్న రొట్టె తుంచడం ఆపి ఆమె గొంతుకేసి చూస్తున్నాడు.

"అది నువ్వేసిన అంకెనే గదమ్మా?"

"నేను వేసిందే."

"మరి గుటకలేస్తున్నవేంది?"

వకుళ పళ్లెం దూరంగా నెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నోట్లో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి.