పన్నెండోసారి రాజీగదిలో

భీమిలి తీరానికి అవతల, సముద్రపు అడుగున కట్టిన నీలపట్నంలో మధ్యాహ్నపు వెలుగు ఆకుపచ్చగా ఊగుతూ ఉంటుంది. గాజు కప్పు మీద చేపల నీడలు తేలిపోతుంటాయి. 2094 నాటికి అక్కడ మనసులు విరిగినవాళ్లు రాజీగదికి వెళ్లడం మామూలైపోయింది. ఆ గదిలో పలికిన మాటలన్నీ కలిపి ఒకే లావాదేవీ. చివర ఇద్దరూ ‘ఖాయం’ అంటేనే జ్ఞాపకం నిలుస్తుంది. మధ్యలో ఎక్సెప్షన్, అంటే తట్టుకోలేని మాట, తలెత్తితే ఎవరో ఒకరు మీట నొక్కుతారు. వెనుమరల్పు జరిగి, ఇద్దరి మనసులూ గదిలో అడుగుపెట్టిన క్షణానికి తిరిగిపోతాయి. తెగిన మాట ఎవరిలోనూ మిగలదు. ఒక జంటకు పన్నెండుసార్లే అవకాశం. ఆపైన మెదడు తట్టుకోదు.

ఆ యంత్రాన్ని కనిపెట్టిన తాయారుకు, అక్క అనసూయతో పదకొండుసార్లు అయిపోయాయి.

ఆరేళ్ల కిందట సముద్రాన్ని ఆపే గోడ పగిలినప్పుడు ఉక్కు తలుపు మూసింది తాయారే. నలభై మంది బతికారు. అనసూయ భర్త ప్రభాకరం తలుపు అవతల ఉండిపోయాడు.

“అప్ప నన్ను క్షమించదు, ఇస్మాయిల్. ప్రతిసారీ మీట నొక్కీసింది,” అంది తాయారు తన తోటి శాస్త్రవేత్తతో.

ఇస్మాయిల్ తల దించుకున్నాడు. “మేడమ్, గదిలో జరిగిందంతా రాసుకునే లాగ్ లావాదేవీకి బయట ఉంటుంది. అది వెనక్కి మరలదు. చూడకూడదని తెలుసు. ఇదే ఆఖరిసారి కదా, మనసాగక చూశాను. అన్నిసార్లూ నొక్కింది మీరే.”

“నేనా? ఎప్పుడు?”

“ఆవిడ క్షమించానని అనగానే.”

తాయారు గదిలోకి వెళ్లింది. అనసూయ అప్పటికే పెదవులు బిగించుకుని కూర్చుంది.

“అప్పా, ఆవేళ తలుపు ముయ్యడానికి ఇంకా నిమిషం టైముండేది. భయమేసి ముందే మూసీసాను.”

అనసూయ పైన చేపల నీడల వైపు తలెత్తింది. “తలుపు రికార్డు ఎప్పుడో చూసేనే. నువ్వు నోరిప్పి చెప్తావేమోనని ఆగేను. పోనీలే, క్షమించీసాను.”

ఆ క్షమ తాయారుకు మోయలేని బరువనిపించింది. మీట వైపు సాగుతున్న తన చెయ్యి తనకే కనబడింది. ఆగిపోయింది.

“నువ్వీ మాట పదకొండుసార్లు అన్నావంట అప్పా. నేనే చెరిపీసాను.”

“అంటే, పదకొండుసార్లు నన్ను మళ్లీ ఆ కోపంలోకే పంపించీసావా?”

తాయారు తలూపింది.

“ఖాయమా?” అంది యంత్రం.

“ఖాయం,” అంది అనసూయ.

ఒక చేత్తో మరో చేతిని గట్టిగా పట్టుకుని తాయారు కూడా అంది, “ఖాయం.”

అనసూయ లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “ఆయన సంగతి క్షమించేను. ఈ పదకొండుసార్ల సంగతి మాత్రం ఛస్తే క్షమించను.”

ఆరేళ్లలో మొదటిసారి తాయారుకు హాయిగా ఊపిరాడింది.